తిరిగి రావలసిన అక్షరం

దేవకుమారి గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగే హక్కున్నవాళ్ళు నాతో మాట్లాడరు. ఆమె పేరు ఏ పేపర్లోనూ పడలేదు, ఏ సభలోనూ ఎవరూ ఆమెకు శాలువా కప్పలేదు. ఒంగోలులో మా ఆఫీసులో పదకొండేళ్ళు తాత్కాలిక ఉద్యోగం చేసి, ఒక రోజు తాత్కాలికంగానే ఇంటికి పోయింది. ఆమెను పంపించిన కాగితం మీద సంతకం వేరేవాళ్ళది. పని మాత్రం నాది. అందుకే రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకునేవాళ్ళు తిట్టుకోండి, నేనేమీ అనుకోను.

నా పేరు అంకమ్మరావు. మెకానిక్‌ని. గుంటూరులో రేడియో రిపేరు నేర్చుకుని, వాళ్ళనీ వీళ్ళనీ పట్టుకుని ఆ ఆఫీసులో చేరాను. కరువొచ్చినా, తుఫానొచ్చినా, పురుగు పడినా ఏ ఊళ్ళో ఎంత పంట పోయిందో రాసి హైదరాబాదుకు పంపడం మా ఆఫీసు పని. 1986లో మాకొక టెర్మినల్ ఇచ్చారు. దాని బాగోగులు చూసుకోవడానికి నన్ను మూడు వారాలు హైదరాబాదులో శిక్షణకు పంపారు. ఆ మూడు వారాల్లో నేను నేర్చుకున్నది మూడు రోజుల సరుకు. కానీ తిరిగొచ్చాక జేబులో స్క్రూడ్రైవర్ పెట్టుకుని నా నడకే మారిపోయింది. బస్టాండు దగ్గర టీకొట్టువాడు నన్ను ఇంజనీరు గారూ అని పిలిచేవాడు. నేను కాదనలేదు.

దేవకుమారిది పేరాయపాలెం. దర్శి దాటి ఆరు మైళ్ళు లోపలికి పోవాలి. పత్తి, కంది, కాస్త మిరప తప్ప ఇంకేమీ కనపడదు. ఆమె తండ్రి ఇమ్మానియేలు అక్కడి పల్లెలో చర్చి ఉపదేశి. జీతమని చెప్పుకోదగ్గది లేదు గనక మిగతా ఆరు రోజులూ ఆయన కూడా అందరితోపాటు చేలోకే పోయేవాడు. అక్కడ చదువొచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అందుకని ఆదివారం పూట ఆయన బైబిల్లోంచి ఒక వరుస చదివి ఆగేవాడు. జనమంతా ఆ వరుస తిరిగి చెప్పాలి. చెప్పాకే రెండో వరుస. ఎవరైనా నోరు మెదపకపోతే ఆగిపోయి వాళ్ళవైపే చూస్తూ నిలబడేవాడట. "నేను చదివితే సరిపోద్దా? నీకు అందిందని నాకు తెలియొద్దూ?" అనేవాడట. ఈ సంగతి దేవకుమారి నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు. అప్పట్లో వినలేక చచ్చేవాణ్ణి.

ఆమె మిషను హాస్టల్లో ఉండి పదోతరగతి దాకా చదివింది, టైపు నేర్చుకుంది. డెబ్భై ఏడు తుఫానుకు మా ఆఫీసులో ఫోను దగ్గర కూర్చునే మనిషి కావాల్సివస్తే రెండు నెలలకని తీసుకున్నారు. ఆ రెండు నెలలే పదకొండేళ్ళయ్యాయి. తుఫాను రోజుల్లో ఊళ్ళ పేర్లు ఫోను మీదే చెప్పాల్సివచ్చేది. ఆమె ఒక్కో పేరూ చెప్పి, "తిరిగి చదవండి" అనేది. అవతలివాడు విసుక్కున్నా సరే, తిరిగి చదివిందాకా వదిలేది కాదు. ఎవరో తిరిగి చదివించుకోకుండా రాసుకున్నందుకు ఒక బియ్యం లారీ అవసరం లేని ఊరికి పోయిందని, అవసరమున్న ఊరు రెండు రోజులు పస్తులుందని ఆమెకు తెలుసు. మేమంతా ఆమెను వెక్కిరించేవాళ్ళం. క్యాంటీన్లో ఇడ్లీ చెప్పి "తిరిగి చదవండి" అనుకుని నవ్వుకునేవాళ్ళం. ఆమె కూడా నవ్వేది. ఆఫీసులో టీ గ్లాసులు అందరికీ ఒకటేనని గొప్పగా చెప్పుకునేవాళ్ళం గాని, ఆమె మాత్రం తన గ్లాసు ఇంటినుంచే తెచ్చుకునేది. ఎందుకని మాలో ఒక్కరూ అడగలేదు.

టెర్మినల్ వచ్చినప్పుడు టైపు వచ్చు గనక దాని ముందు ఆమెనే కూర్చోబెట్టారు. టెర్మినల్ అంటే టీవీలాంటి తెర, దాని ముందు టైపు మీటలు. దానికీ టెలిఫోను లైనుకీ మధ్య ఒక ఇనప డబ్బా, ఆ డబ్బా మూతకు లక్క సీలు. మనం నొక్కిన అక్షరం నేరుగా తెరమీదికి రాదు. డబ్బాలోంచి లైనెక్కి హైదరాబాదులో ఉన్న పెద్ద కంప్యూటర్‌కు పోతుంది. అది అందుకుని, మళ్ళీ మనకు పంపిస్తే, అప్పుడు మన తెరమీద పచ్చగా కనిపిస్తుంది. నేను ఈ సంగతి చెప్పగానే దేవకుమారి మొహం విప్పారింది.

"అయితే అది మనం చెప్పింది తిరిగి చదువుతోందన్నమాట," అంది.

"అంతేనండి. కనపడిందంటే అందినట్టే," అన్నాను.

మీట నొక్కాక అక్షరం రావడానికి రెప్పపాటు ఆలస్యమయ్యేది. ఆ ఆలస్యం ఆమె వేళ్ళకు అలవాటైపోయింది. వాన పడి లైను పాడైన రోజు ఆ రెప్పపాటు పెరిగేది. ఆమె తెర చూడకుండానే "ఇవాళ దూరంగా ఉన్నాడండీ" అనేది. హైదరాబాదు కంప్యూటర్‌ను ఆమె ఎప్పుడూ మనిషినన్నట్టే అనేది.

ఎనభై ఏడులో పత్తికి తెల్లదోమ తగిలింది. ఆ ఏడాది సంగతి మా వైపు వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఆకు తిప్పితే కింద పిండి చల్లినట్టుండేది. ఎన్ని మందులు కొట్టినా ఆ దోమకు ఏమీ కాలేదు, కొట్టిన మనుషులకే అయింది. కాయ నల్లబడిపోయింది. రైతుల గోడు పేపర్లలోనైనా వచ్చింది. పత్తి తీతకు పోయే కూలీల సంగతి ఎవరికీ పట్టలేదు. తీయడానికి పత్తి లేదు గనక వాళ్ళకు పని లేదు, పని లేదు గనక తిండి లేదు.

ఎనభై ఎనిమిది వేసవికి ప్రభుత్వం ఒక జాబితా వేయదలచింది. పంట సగానికి మించి పోయిన ఊళ్ళ పేర్లు అందులోకి ఎక్కుతాయి. ఎక్కిన ఊళ్ళో ఏప్రిల్ నెలలోనే మట్టిరోడ్లు, వాగు కట్టల పనులు మొదలవుతాయి. కూలికి బియ్యం ఇస్తారు. ఎక్కని ఊరి జనం లారీలెక్కి ఎటో పోవాల్సిందే. వివరాలు హైదరాబాదుకు చేరడానికి ఆఖరు గడువు మార్చి 31, గురువారం సాయంత్రం ఐదు గంటలు. దర్శి వైపు మండలాల కాగితాలు మాకు ఆఖరున వచ్చాయి. నలభై ఒక్క ఊళ్ళు. అందులో పేరాయపాలెం పంతొమ్మిదోది.

పేరాయపాలెంలో దేవకుమారి చెల్లెలు రెబ్కా ఉంది. అప్పటికి ఆమెకు ఆరో నెల. అంతకుముందు కాన్పులో, పుల్లలు మోసే పనిలో ఉండగా బిడ్డ పోయింది. ఈసారి డాక్టరమ్మ బరువులు ఎత్తొద్దంది. మొగుడు యేసుపాదం మంచివాడే గాని, మంచితనం కుండలో ఉడకదు కదా. ఆ పల్లెనుంచి కొంతమంది ఆడవాళ్ళు ఈస్టర్ తర్వాత సోమవారం గుంటూరు పోతున్నారు, మిరపకాయ తొడాలు తీసే పనికి. ఘాటుకు ముక్కులు మండినా, నీడపట్టున కూర్చుని చేసే పని. దగ్గర్లో ఆస్పత్రి ఉంది. రెబ్కా పేరు కూడా మేస్త్రీ రాసుకున్నాడు. ఊళ్ళోనే పనులొస్తే మాత్రం మొగుడు మట్టి మోస్తే తను తండ్రి ఇంట్లో కాన్పుదాకా కదలకుండా ఉండొచ్చు. ఇదంతా దేవకుమారి బుర్రలో రోజూ తిరిగేది. పంతొమ్మిదో నంబరు కాగితాన్ని ఆమె రోజుకొకసారి తీసి చూసుకునేది.

మార్చి 29 మంగళవారం పొద్దున లైను కలిపితే తెరమీద ఎప్పుడూ వచ్చే పలకరింపు రాలేదు. పిచ్చి గుర్తులు బారులు బారులుగా వచ్చి, తెర నిండిపోయి, ఆగిపోయింది. మళ్ళీ కలిపాను. మళ్ళీ అంతే. హైదరాబాదుకు ట్రంకాల్ బుక్ చేస్తే రెండు గంటలకు దొరికింది. అక్కడి ఇంజనీరు తీరిగ్గా చెప్పాడు, ఆదివారం పాత కంప్యూటర్ తీసేసి వేరే కంపెనీది పెట్టారట.

"మా దగ్గర అంతా బాగానే ఉందండి. మీ దగ్గరే చూసుకోండి," అని ఫోను పెట్టేశాడు. ఈ ముక్క నేను నా సర్వీసులో కొన్ని వందలసార్లు విన్నాను. ఇప్పటికీ వింటే ఒళ్ళు మండుతుంది.

విషయమేమిటంటే, లైను కలవగానే రెండు మిషన్లూ పని మొదలెట్టే ముందు కొన్ని సంగతులు మాట్లాడుకుంటాయి. వరుసకు ఎన్ని అక్షరాలు, ఎంత వేగం, అక్షరం తిరిగి చూపించేది నువ్వా నేనా, ఇలాంటివి. ఇటు అడగడం, అటు సరేననడం, అయిపోయేది. అన్ని కంప్యూటర్లూ అడిగే ప్రశ్నలకైతే మా డబ్బా దగ్గర జవాబులున్నాయి. ఈ కొత్త కంప్యూటర్ తన సొంత ప్రశ్నలు అడుగుతోంది. వియ్యాలవారు పెళ్ళింటి గడప దగ్గర ఎదురుపడి మీరు ముందంటే మీరు ముందని ఎండలో నిలబడిపోయినట్టు ఈ రెండూ లైను మీద నిలబడిపోయాయి.

నేను ఇలా ఇప్పుడు చెబుతున్నాను గాని, ఆ రోజు నాకు ఇదేమీ తెలియదు. తీగలు మార్చాను. వేగం తగ్గించాను, పెంచాను. లైన్‌మన్‌ని పిలిపించి స్తంభం ఎక్కించాను. శిక్షణలో ఇచ్చిన పుస్తకం మొదటినుంచి చివరిదాకా తిరగేశాను. తల ప్రాణం తోకకొచ్చింది. సంగతి కనిపెట్టింది దేవకుమారి.

బుధవారం నేను లైను కలిపిన ప్రతిసారీ ఆమె తెరమీద వచ్చే పిచ్చి గుర్తుల్ని ఒక తెల్లకాగితం మీద పెన్సిలుతో దించుకుంది. ఎనిమిదిసార్లు దించుకుంది. మధ్యాహ్నం ఆ కాగితాలు నా ముందు పరిచింది.

"చూడండి అంకమ్మరావు గారూ. ప్రతిసారీ ఈ ఏడు గుర్తులే వస్తున్నాయి. వాటెనకాల ఈ మూడు. మళ్ళీ ఆ ఏడు, మళ్ళీ ఈ మూడు. ఏడూ ఆయన అడిగేది. మూడూ మన డబ్బా చెప్పేది. మనది కుదరదంటోంది, ఆయన అడిగిందే అడుగుతున్నాడు. ఆ ఒక్క మాట అడగొద్దని హైదరాబాదు వాళ్ళకి చెబితే తీరిపోద్దిగా?"

నాకు అర్థమైంది. అర్థమైనందుకు సంతోషం కలగాలి. ఫోను దగ్గర కూర్చునే మనిషి, శిక్షణ లేని మనిషి చెప్పిందే అని కడుపులో మంట కలిగింది. అబద్ధం చెప్పి ఏం లాభం, అదే కలిగింది. అయినా ఆ మాటే హైదరాబాదుకు చెప్పాను. "మా మిషను పద్ధతి అదేనండి. ఒక్క ఒంగోలు కోసం మార్చరు," అన్నాడు ఇంజనీరు.

గురువారం పొద్దున దేవకుమారి మా ఆఫీసరు గారి గదిలోకి పోయింది. పదకొండేళ్ళలో ఆమె పిలవకుండా ఆ గదిలోకి పోవడం అదే మొదటిసారి. నలభై ఒక్క ఊళ్ళే గనక ఫోనులో చెప్పేస్తానంది. హైదరాబాదులో తనకు తుఫాను రోజులనుంచి గొంతు పరిచయం ఉన్న ఒక గుమాస్తా ఉన్నాడని, ఐదింటిలోపు చెబితే రాసుకుని తనే ఎక్కిస్తానని ఒప్పుకున్నాడని చెప్పింది. ఆఫీసరు గారు సరేనన్నారు. మూడు గంటలకని అర్జెంటు కాల్ బుక్ చేయించారు.

ఇది నాకు తల కొట్టేసినట్టయింది. లక్ష రూపాయల మిషను బల్లమీద ఉండగా, నేను ఉండగా, మళ్ళీ పాతకాలం పద్ధతిలో ఫోనులో అరవడమా? రెండున్నరకు ఆఫీసరు గారి దగ్గరకు పోయి "అరగంట టైమివ్వండి సార్, నేను బాగుచేస్తాను" అన్నాను. దేవకుమారి గుమ్మం దగ్గరే నిలబడి ఉంది.

డబ్బా మూతకున్న సీలు కంపెనీ మనిషి తప్ప ఎవరూ తీయకూడదు. తీస్తే ఉద్యోగం పోతుందని కాగితం మీద సంతకం చేయించుకున్నారు. నేను స్క్రూడ్రైవరుతో ఆ లక్క చిదిపేసి మూత తీశాను. లోపల చిన్న చిన్న స్విచ్చులు వరుసగా ఉన్నాయి. వాటి పేర్లు మూతకు లోపలివైపు అంటించి ఉన్నాయి. అవతలివాడి ప్రశ్నలకు జవాబివ్వకుండా చేసే స్విచ్ ఒకటి కనపడింది. తిప్పాను. గొడవ ఆగింది, తెర శుభ్రంగా నిలబడింది. కానీ మీట నొక్కితే అక్షరం రావడం లేదు. ఇంకో స్విచ్ తిప్పాను. అక్షరం వచ్చింది.

ఆ రెండో స్విచ్ ఏం చేస్తుందో మూత మీద రాసే ఉంది. నొక్కిన అక్షరాన్ని డబ్బాయే నేరుగా తెరకు పంపుతుంది. ఆ ముక్క నేను చదివాను. చదివి కూడా, అక్షరం వచ్చిందన్న సంబరంలో దాని అర్థమేమిటో ఆలోచించలేదు. ఆఫీసంతా నా చుట్టూ మూగి ఉంది. ఎవరో శభాష్ అన్నారు. మూడు గంటల కాల్ రద్దు చేయమని నేనే గట్టిగా చెప్పాను.

దేవకుమారి కూర్చుని మొదటి ఊరి పేరు కొట్టింది. చేతులు ఆపింది.

"చాలా తొందరగా వస్తున్నాయండీ," అంది.

"లైను బాగుపడితే తొందరగానే వస్తాయి. మీరు కానివ్వండి, టైమవుతోంది."

"ఇవి ఆయన దగ్గర్నుంచే వస్తున్నాయా?"

"మరెక్కణ్ణుంచొస్తాయి?" అని కసిరాను.

ఆమె నా మొహంలోకి ఒకసారి చూసింది. తర్వాత తలొంచుకుని నలభై ఒక్క ఊళ్ళూ కొట్టింది. ఊరి పేరు, ఎకరాలు, పోయిన పంట, కూలీల సంఖ్య. ఒక్క తప్పు పోలేదు. నాలుగు గంటల ఇరవై నిమిషాలకు అయింది. కొట్టింది కొట్టినట్టు పక్కనున్న ప్రింటరు మీద కూడా అచ్చయింది. నాలుగున్నరకు హైదరాబాదు ఇంజనీరు ఫోనులో దొరికాడు.

"అక్షరాలు కనపడుతున్నాయా?" అన్నాడు.

"కనపడుతున్నాయండి."

"అయితే అందినట్టే. రేపు సెలవు, సోమవారం చూస్తాం," అన్నాడు.

డబ్బా తెరిచానని, స్విచ్ తిప్పానని చెబితే ఆయన ఆ క్షణంలోనే పట్టేసేవాడు. ఇంకా అరగంట ఉంది. ఫోను చేతిలోనే ఉంది. దేవకుమారి పక్కనే ఉంది. చెబితే సీలు సంగతి బయటపడుతుంది. నేను చెప్పలేదు. నా బతుకులో ఎన్నో తప్పులు చేశాను గాని, వెనక్కి తిరిగి ఒక్కటి దిద్దుకోవచ్చంటే ఆ అరగంటే అడుగుతాను.

మర్నాడు మంచి శుక్రవారం. దేవకుమారి పొద్దుటి బస్సుకు పేరాయపాలెం పోయింది. ఆరాధన అయ్యాక అందరిముందూ ప్రింటరు కాగితం విప్పి చూపించిందట. "పంతొమ్మిదో వరస మన ఊరు. నా చేతుల్తో కొట్టాను. తిరిగొచ్చింది నా కళ్ళతో చూశాను" అని చెప్పిందట. రెబ్కాకు చదువు రాదు. వేలు పెట్టి చూపించమని అడిగి, ఆ వరుస మీద తను కూడా వేలు పెట్టి చూసుకుందట. పల్లెలో కొందరు సోమవారం గుంటూరు పోయారు. రెబ్కా పోలేదు. అక్క మాట ఉంది గదా అని మేస్త్రీతో రానని చెప్పేసింది. ఆమె చోటు వేరే ఊరి మనిషికి ఇచ్చేశాడు.

జాబితా ఏప్రిల్ 20న పోస్టులో వచ్చింది. కవరు విప్పింది నేనే. ముందు దర్శి వైపు మండలాల పేజీ తీశాను. వివరాలు అందలేదు అని ఒక్క వాక్యం ఉంది. నలభై ఒక్క ఊళ్ళకూ కలిపి ఒక్క వాక్యం.

ఆ కాగితం ఎక్కడ దాచాలా అని చుట్టూ చూస్తుంటే దేవకుమారి వచ్చి నా చేతిలోంచి తీసుకుంది. చదివింది. మళ్ళీ చదివింది. నేరుగా టెర్మినల్ దగ్గరకు నడిచింది. మిషను వేసింది. తర్వాత వంగి, గోడలో ఉన్న టెలిఫోను తీగను పట్టుకుని లాగేసింది. తీగ కొన ఎడమచేతిలో పట్టుకుని, కుడిచేత్తో ఒక్కో మీటా నొక్కుతూ పేరాయపాలెం అని కొట్టింది.

తెరమీద పచ్చగా పేరాయపాలెం అని వచ్చింది. ఒక్క అక్షరం తగ్గలేదు.

ఆమె ఆ తీగ కొన వైపు చూసింది, తెర వైపు చూసింది. "మనమే చదువుకున్నామండీ," అంది. తిట్టినా బాగుండేది. చెప్పు తీసుకుని కొట్టినా బాగుండేది.

ఆ తర్వాత రెండు వారాలు ఆమె చేయని ప్రయత్నం లేదు. ఆఫీసరు గారిచేత ఉత్తరాలు రాయించింది. సొంత ఖర్చుతో హైదరాబాదు పోయి, ప్రింటరు కాగితం పట్టుకుని గదిగదికీ తిరిగింది. గడువు దాటిందని, రెండో జాబితా వేస్తే చూస్తామని చెప్పారట. గొంతు పరిచయం ఉన్న గుమాస్తా ఎదురుపడి, "ఆ రోజు మీ ఫోను కోసం ఐదున్నరదాకా కూర్చున్నానమ్మా" అన్నాడట. రెండో జాబితా వేయలేదు.

మే మొదటి వారంలో రాయచూరు వైపు కాలువ పనికి లారీ వచ్చింది. గుంటూరులో చోటు లేదు, ఊళ్ళో పని లేదు, ఇంట్లో గింజ లేదు. యేసుపాదం ఒక్కడే పోతానన్నాడు. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వస్తేనే బయానా అన్నాడట లారీతో వచ్చిన మేస్త్రీ. దేవకుమారి ఆ రోజు ఊళ్ళోనే ఉంది. రెబ్కాను తనతో ఒంగోలు వచ్చేయమని బతిమాలింది. దేవకుమారికి రెండు నెలలుగా జీతమే రాలేదు, ఆ సంగతి రెబ్కాకు తెలుసు. యేసుపాదం కూడా "ఉండిపోనీ వదినా, ఏదో ఒకటి చూద్దాం" అన్నాడట. రెబ్కా మూట లారీలోకి విసిరేసి, ఎక్కబోతూ తిరిగి చూసి, "నీ కళ్ళతో చూశానన్నావు గదక్కా," అందట. దెప్పిపొడిచినట్టు కాదు, నిజంగానే అర్థంకాక అడిగిందట. డబ్బా, స్విచ్ అని దేవకుమారి ఆమెకెలా చెబుతుంది?

బిడ్డ ఎనిమిదో నెలలో పుట్టింది. కాలువ గట్టు మీద, టార్పాలిన్ కింద. ఆడపిల్ల. సాయంత్రందాకా బతికింది. జూన్ ఆఖరున రెబ్కా తిరిగొచ్చేటప్పటికి మనిషిలో సగం లేదు.

జూలైలో మా ఆఫీసుకు విచారణ వచ్చింది. నలభై ఒక్క ఊళ్ళ వివరాలు ఎందుకు అందలేదని. ప్రింటరు కాగితం మీద కొట్టిన మనిషి పేరు ఉంటుంది గనక దేవకుమారిని పిలిచారు. నన్ను కూడా పిలిచి వెనక నిలబెట్టారు. సీలు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఏప్రిల్ నెలలోనే నేను కొత్త లక్క కరిగించి పోసేశాను.

"అందాయో లేదో చూసుకోకుండా ఎలా వదిలేశావమ్మా?" అని అడిగారు.

"కంటికి కనపడిందండి. నమ్మాను," అంది.

"నీకెవరైనా చెప్పారా, అందిందని?"

ఆమె వెనక్కి తిరగలేదు. "నేనే నమ్మానండి," అంది.

తాత్కాలిక ఉద్యోగిని తీసేయడానికి వాళ్ళకు ఒక్క కాగితం చాలు. ఆ సాయంత్రం ఆమె తన టీ గ్లాసు కడిగి, సంచిలో పెట్టుకుని బయల్దేరింది. నేను బస్టాండుదాకా వెనకే పోయాను. దర్శి బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది.

"నా పేరెందుకు చెప్పలేదండీ?" అన్నాను.

"చెబితే మా రెబ్కా బిడ్డ లేచొస్తుందా అంకమ్మరావు గారూ? వచ్చేదయితే చెప్పేదాన్ని." బస్సు మెట్టు మీద కాలు పెట్టి మళ్ళీ అంది, "అయినా అక్షరాలు తొందరగా వస్తున్నాయని నాకు తెలుసు. నా వేళ్ళకి తెలుసు. మన ఊరు ఎక్కాలని ఉందిగా, అందుకని మీ మాట నమ్మాను." బస్సెక్కి అటువైపు సీట్లో కూర్చుంది.

నాకు ఉద్యోగం ఉంది. తర్వాత ప్రమోషను కూడా వచ్చింది. కొత్త కంప్యూటర్‌కు సరిపడే డబ్బా ఆగస్టులో పంపారు. దాన్ని బిగించి, మొదటి అక్షరం కొట్టి, రెప్పపాటు ఆలస్యంగా అది తిరిగొచ్చినప్పుడు అక్కడే కుర్చీలో కూర్చుని ఏడ్చాను. ఆఫీసులో అందరూ నాకు ఒంట్లో బాగాలేదనుకున్నారు.

ఎనభై తొమ్మిది ఫిబ్రవరిలో ఒక ఆదివారం పేరాయపాలెం పోయాను. రెబ్కాకు నిజం చెప్పాలని. నమ్మించింది నేను, మీ అక్క కాదు అని చెప్పి, ఆమె ఏమంటే అది పడదామని. దర్శినుంచి దారిలో ఎవరో లారీ ఎక్కించుకున్నారు. మళ్ళీ పత్తే వేశారు చేలల్లో. మళ్ళీ అవే మందుల వాసన.

నేను చేరేటప్పటికి చర్చిలో ఆరాధన నడుస్తోంది. ఇమ్మానియేలు గారికి చూపు మందగించిందట. ఆయన పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చదువుతున్నది దేవకుమారి. బాగా చిక్కిపోయింది, గొంతు మాత్రం అదే. నేను లోపలికి పోలేక కిటికీ దగ్గర నిలబడిపోయాను.

ఆమె ఒక వరుస చదివి ఆగింది. చాపల మీద కూర్చున్న జనమంతా తిరిగి చెప్పారు. ముసలాళ్ళు, పిల్లతల్లులు, యేసుపాదం, అందరూ చెప్పారు. ముందు వరుసలో రెబ్కా కూర్చుని ఉంది. అక్క మొహంలోకే చూస్తోంది. పెదాలు కదపలేదు.

దేవకుమారి రెండో వరుసకు పోలేదు. తండ్రి చేసినట్టే చెల్లెలి వైపు చూస్తూ నిలబడింది. అందరూ తిరిగి చెప్పేశాక కూడా నిలబడింది. గదిలో ఎవరో దగ్గారు. ఒక పిల్ల ఏడిస్తే తల్లి చంకనెత్తుకుని బయటికొచ్చింది. ఎండ కిటికీలోంచి చాపల మీదికి జరిగింది.

ఎదురుగా అక్క నిలబడి అడుగుతుంటేనే తిరిగి చెప్పని మనిషికి, నేను పోయి ఏం చెబితే అందుతుంది? అక్కణ్ణుంచే వెనక్కి తిరిగి రోడ్డుదాకా నడిచొచ్చాను.

వచ్చేముందు ఒకటి చూశాను. దేవకుమారి చాలాసేపు చూసింది. రెబ్కా పలకలేదు. ఆమె వేలు పుస్తకంలో కిందికి జరుపుకుని తర్వాతి వరుస చదివింది. మళ్ళీ ఆగింది.